ఇంటి వలువ, వీధి వలువ: కోలారు సీమయందలి యొక యాచారము

తెలుగువారి యిండ్లలో వీధినుండి లోనికి వచ్చిన వాడు మొదట చేయు పనులు మూడు. వాకిట చెప్పులు విడుచును. తొట్టిలోని నీటితో కాళ్లు కడుగుకొనును. తొడిగిన చొక్కాను విడిచి చిలుకకొయ్యకు తగిలించి, దండెముపై నున్న పాత పంచెనో తుండునో కట్టుకొనును. ఈ మూటిలో మొదటి రెంటిని గూర్చి మన పెద్దలు పలుమార్లు వ్రాసిరి. మూడవదానిని ఎవరును పెద్దగా పట్టించుకొనలేదు. అడిగినవారికి “అది మడి యాచారము” అను నొక్క మాట సమాధానముగా లభించును. ఆ సమాధానము కొంతవఱకు సత్యమే గాని, కోలారు, బంగారుపేట ప్రాంతముల చరిత్రను చూచినచో అది చాలదని తెలియును. ఇచట ఇంటి వలువకును వీధి వలువకును నడుమ గీచిన గీతను మడి యొక్కటియే గీయలేదు. రాజసభ కొంత గీచినది, బంగారు గని కొంత గీచినది. గని గీచిన గీతయే అన్నిటికంటె లోతైనది.

ముందుగా పదమును విచారింతము. “మడుగు” అనగా తెలుగున ఉదికిన తెల్లని వస్త్రము. ఒకనికి మితిమీరిన గౌరవము చేయుచున్నచో “అడుగులకు మడుగు లొత్తుచున్నాడు” అందురు. ఆ మడుగులు నీటి మడుగులు కావు, కాలి క్రింద పఱచెడి వెల్లవలువలు. నేడు ఈ పలుకుబడిని వాడువారిలో పెక్కురకు ఆ యర్థము స్ఫురింపదు. కన్నడమున చాకలికి “మడివాళ” అని పేరు. మడి చేయువాడు మడివాళుడు. కావున ఈ రెండు భాషలలోను మడి యనగా మొదట ఉదికిన బట్టయే. అది పూజకును వంటకును మాత్రమే చెందిన శౌచముగా మాఱుట తరువాతి కథ.

ఈ మాఱుటలో నొక విపరీతము కలదు. అబ్బే దుబాయి యను ఫ్రెంచి మతాచార్యుడు 1792 మొదలు 1823 వఱకు దక్షిణదేశమున, అందును పెక్కేండ్లు మైసూరు సీమయందు వసించి, జనుల యాచారములను వివరముగా వ్రాసెను. చాకలి యుదికి తెచ్చిన వస్త్రమును బ్రాహ్మణులు శుద్ధమని యెంచక, మరల తామే నీట ముంచి యారవేసి కట్టుకొందురని అతడు గమనించెను. బట్టను మడి చేయువాని చేతినుండి వచ్చినందుననే బట్టకు మడి పోయినదన్నమాట! నూలుబట్టకు గల ఈ చిక్కు పట్టునకును ఉన్నికిని లేదు. అందువలననే పట్టుబట్టయు, ధావళియు మడిబట్టలుగా వ్యాప్తికి వచ్చినవి. వానిని నిత్యము ఉదుకనక్కఱ లేదు. పట్టుపురుగుల పెంపకమునకు పేరొందిన శిడ్లఘట్ట, చింతామణి ప్రాంతములు 2007 వఱకు కోలారు జిల్లాలోనివే యైనను, అచట దారము తీయు కూలివాని యింట పట్టు మడిబట్ట యుండుట యరుదు.

చాకలి పక్షమున మన సాహిత్యము మౌనము వహింపలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున మడివాలు మాచయ్య కథను చెప్పెను. ఆ మహాభక్తుడు జంగముల వస్త్రములను మాత్రమే యుదుకును. వానిని పరులు తాకుట కొప్పుకొనడు. ఇచట శౌచమునకు కావలియున్నవాడు బట్టను కట్టువాడు కాడు, ఉదుకువాడు. మడి యనెడి మాటను దాని మూలార్థమునకు మరల్చిన కథ యిది. వీరశైవము ప్రబలిన కన్నడ, తెలుగు సరిహద్దున ఈ కథ నేటికిని నిలిచియున్నది.

ఇంటిలోపలి మడికి మఱియొక ముఖము కలదు. బడికి పోయివచ్చిన పిల్లలు ఆ బట్టలతో వంటయింటి గడప తొక్కరాదు. శ్మశానమునుండి వచ్చినవారు కట్టుబట్టలతో స్నానము చేయనిదే లోనికి రారాదు. నెలసరి యందలి స్త్రీ తన యింటనే “బయట చేరినది”. ఆమెకు వేఱు చాప, వేఱు చీర. ఇంటికిని వీధికిని నడుమ నుండవలసిన గీత ఆ మూడు దినములు ఇల్లాలి చుట్టు తిరిగినది. ఇట్టి యాచారములలో మైలను కడుగుకొను వివేకమును, మనుష్యుని దూరము పెట్టు క్రౌర్యమును కలిసి పెనవేసికొనియున్నవి. రెంటిని విడదీసి చూడక మొత్తముగా మెచ్చుకొనువారును, మొత్తముగా నిందించువారును చరిత్రకు మేలు చేయరు.

ఇంతకును రెండు బట్టలున్న వానికే ఇంటి బట్ట, వీధి బట్ట యను భేదము. ఒక్క కంబళితో చలిని, వానను, రాత్రి పడకను గడుపుకొనెడి కోలారు రైతునకు ఈ శాస్త్రమంతయు వ్యర్థము. పెత్తందారు వీధిన పోవునపుడు తలగుడ్డ తీసి, కండువా నడుమునకు చుట్టి, చెప్పులు చేత బట్టుకొని నడువవలసిన వానికి శాస్త్రము తలక్రిందైనది. కలిగినవారు వీధికి పోవునపుడు బట్టలు చేర్చుకొందురు. లేనివారు వీధికి పోవునపుడు బట్టలు తీసివేయవలసివచ్చెను. వస్త్రచరిత్ర వ్రాయువారు ఈ రెండవ పక్షమును మఱచుట తఱచు.

ఇక రాజసభ. వీధి వలువ మన కవులకు తెచ్చిపెట్టిన తిప్పలకు ప్రసిద్ధమైన సాక్ష్యము శ్రీనాథుని పేర నున్న యొక చాటువు. ప్రౌఢదేవరాయల కొలువునకు పోయిన ఆంధ్రకవి, అచటి మర్యాద కొఱకు కుళ్లాయి తలకెత్తి, కోక చుట్టి, పెద్ద కూర్పాసమును తొడిగి, ఇంతపడియు దర్శనము దొరకక కన్నడ రాజ్యలక్ష్మికి మొఱపెట్టుకొనును. నవ్వు పుట్టించు పద్యమే గాని, అందొక చారిత్రక సత్యము కలదు. 1424 మొదలు 1446 వఱకు రాజ్యమేలిన రెండవ దేవరాయల కాలమునాటికే విజయనగర సభకు పోవుటకు వేఱు దుస్తులుండెను; అవి తెలుగు గృహస్థుని యింటి దుస్తులు కావు. అదే కాలమున నేటి కోలారు జిల్లాలోని ముళుబాగిలు “ముళువాయి రాజ్య”మను పేర విజయనగరమునకు ముఖ్యమైన యొక మండలము. అందుచేత ఈ సభామర్యాద ఈ సీమకు పరాయిది కాదు.

ఫిలిప్ వాగనర్ అను అమెరికా చరిత్రకారుడు 1996లో ఈ విషయమును చక్కగా విడమరచెను. కబాయి యను పొడుగైన అంగీయు, కుళ్లాయి యను ఎత్తైన టోపియు అరబ్బు, పారసీక దేశముల నుండి వచ్చినవి. అరబ్బీలో “ఖబా”, పారసీకమున “కులాహ్” అనునవి వాని మూలపదములు. విజయనగరపు దొరలు మతము మార్చుకొనలేదు, ఇంటి యాచారమును మార్చుకొనలేదు. సభకు పోవునపుడు మాత్రము అప్పటి పెద్ద రాజ్యములన్నియు గౌరవించిన ఆ యుడుపును ధరించిరి. లేపాక్షి వీరభద్రాలయపు కప్పునందలి చిత్రములలో కుళ్లాయిలు, కబాయిలు ధరించిన పురుషులు బారులు తీరి నిలిచియున్నారు. తిరుమలలోని కృష్ణదేవరాయల విగ్రహమున తలపై కుళ్లాయి యున్నది గాని మేన కబాయి లేదు. దేవుని యెదుట రాయలు ఇంటివాడైనాడు, టోపి మాత్రము తీయలేదు! అచ్యుతరాయల నాటి గుఱ్ఱపు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్, రాజు ఒకసారి ధరించిన బట్టను మరల ధరింపడనియు, విడిచిన బట్టలను లెక్క చెప్పి భద్రపఱచుటకు ప్రత్యేకోద్యోగులుందురనియు వ్రాసెను. ఒక్క కంబళి గల రైతును, విడిచిన బట్టలకు లెక్కలు వ్రాయించు రాజును ఒకే దేశమున నుండిరి.

ఈ సభామర్యాద విజయనగరముతో అంతరింపలేదు. మైసూరు సంస్థానపు కచేరీలలో నిలువుకోటు, జరీ తలపాగా, ఉత్తరీయము రూపమున మరల ప్రత్యక్షమైనది. ముద్దేనహళ్లిలో తెలుగు కుటుంబమున జన్మించి 1912 మొదలు 1918 వఱకు మైసూరు దివానుగా నున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఇంటికి ఎవరైన దర్శనార్థము వచ్చినను పూర్తి యుడుపులు ధరించి, తలపాగా పెట్టుకొనియే కూర్చుండెడివారని ప్రసిద్ధి. ఆయన విషయమున వీధి వలువ ఇంటిలోనికి వచ్చినది. సామాన్యపు గుమాస్తా యట్లు చేయజాలడు. సాయంకాలము గడప దాటగానే కోటును చిలుకకొయ్యకు తగిలించి పంచెతో నిలుచును. ఇంగ్లీషు దొరది మఱియొక తీరు. పగలంతయు పనిబట్టలతో తిరిగి, రాత్రి భోజనమునకు ఇంటనే మంచి దుస్తులు తొడుగుకొనును. మనవారు లోపలికి వచ్చి తేలికపడుదురు, వారు లోపలికి వచ్చి బిగించుకొందురు. కోలారు సీమ తెలుగువాని భాషయు ఇట్టిదే యని చెప్పవచ్చును. కచేరీలో కన్నడము, గనిలో తమిళము, గడప దాటినంతనే తెలుగు.

ఇప్పుడు గనులకు వత్తము. 1802లో మైసూరు తూర్పు సరిహద్దును కొలుచుచున్న లెఫ్టినెంటు జాన్ వారన్, ఊరిగాము, మారికుప్పముల యొద్ద గ్రామస్థులు మట్టిని కడిగి బంగారు తీయుటను చూచి వ్రాసెను. 1870వ దశకమున మైకేల్ లావెల్ అను ఐరిషు సైనికుడు త్రవ్వుటకు అనుమతి పొందెను. 1880 తరువాత జాన్ టెయిలర్ అండ్ సన్స్ వారి చేతిలోనికి వచ్చినపిమ్మట గనులు వృద్ధిచెందెను. చీఫ్ కమిషనరు బౌరింగు పేర వెలసిన బౌరింగుపేటనుండి గనులకు 1894లో రైలుదారి పడినది. 1902లో శివనసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చినది. దొరపేరు కాలక్రమమున చెరిగి, బౌరింగుపేట బంగారుపేట యైనది. ఊరిలో బంగారము లేదు. బంగారము కొఱకు బండి మాఱువారికి మాత్రము అది కూడలి. ఉత్తరార్కాడు, సేలముల నుండి తమిళులు, చిత్తూరు ప్రాంతమునుండి తెలుగువారు ఆ బండినెక్కియే వచ్చిరి.

గనిలోపల బట్ట యన నేమి? చాంపియన్ రీఫ్ గని భూమట్టమునకు మూడు వేల మీటర్లకు మించి దిగినది. అట్టి లోతున రాతి వేడిమి అరువది డిగ్రీల సెంటిగ్రేడును దాటును. గాలిని చల్లబఱచి పంపినను, అచట చొక్కా తొడిగి పనిచేయుట కష్టము. చల్లడమో గోచియో, తలపై టోపి, చేత దీపము, అంతియే. భూమిపైన మనుష్యుని మర్యాదకు గుఱుతైన వస్త్రము భూమిలోపల భారమైనది. ఇచట “లోపల” అను మాటకే అర్థము మాఱినది. గని కూలీకి “లోపలికి పోవుట” యనగా ఇంటికి పోవుట కాదు, గనిలోనికి దిగుట. “బయటికి వచ్చుట” యనగా ప్రాణముతో ఆనాటి పాలి ముగించుకొని వెలుగు చూచుట. ఈ లోపలి బట్టయే అతనికి మిక్కిలి మురికిది.

బయటికి వచ్చునపుడు ఆ కొద్దిపాటి బట్టను సయితము తనిఖీ చేసెడివారు. బంగారపు రాతిముక్క మడతలో దాగునేమోనని కంపెనీకి అనుమానము. మడి కట్టుకొన్న యింటివారు పరులు తాకుదురని వెఱచిరి. గని కంపెనీ కూలీ బట్టను తాకి, తడిమి, దులిపి చూచెను. ఈ యనుమానము బట్టతో ఆగలేదు. 1930లో కూలీలందఱు వేలిముద్రలిచ్చి పేర్లు నమోదు చేసికొనవలెనని కంపెనీలు నిర్ణయింపగా, తమను దొంగలజాబితాలో చేర్చుచున్నారని కూలీలు పని మానిరి. కోలారు గనుల కార్మికచరిత్రలో ఆ సమ్మె పెద్ద ఘట్టము. కూలిపెంపు కొఱకు గాక గౌరవము కొఱకు మొదలైనదగుటచే అది విశేషముగా చెప్పుకొనదగినది.

ఇక ఇంటి సంగతి. కూలీలకు కంపెనీ యిచ్చినవి వరుసలుగా కట్టిన లైనిండ్లు. వానిలో పెక్కు వెదురు తట్టీలతో అల్లి పైన రేకు కప్పిన యొంటిగదులు. వంట, పడక, పిల్లలు, అన్నియు నందే. చిలుకకొయ్య కొట్టుటకు గోడ లేదు, గోడయే తట్టి. వసార లేదు, కాళ్లు కడుగుకొను తొట్టి లేదు, వేఱు దండెమునకు చోటు లేదు. గనిబట్టను ఇంటిబట్టనుండి వేఱు చేయవలెనన్నచో దానిని ఎచట పెట్టవలెను? ఇంటిలో పెట్టినచో దుమ్ము, వెలుపల పెట్టినచో దొంగభయము. నీరు బేతమంగలము చెఱువునుండి రావలెను, కొళాయి యొద్ద వరుసలో నిలువవలెను. అయినను లైనిండ్ల స్త్రీలు గనిబట్టలను వేఱుగా నుంచిరి, వేఱుగా ఉదికిరి, వేఱుగా ఆరవేసిరి. వారికి మడిశాస్త్రము చెప్పినవారు లేరు. రాతిదుమ్ము చెప్పినది.

ఆ దుమ్ము సామాన్యమైనది కాదు. బంగారమున్న తెల్లరాతిని తొలిచినపుడు లేచెడి సన్నని సిలికా రజను ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ వ్యాధిని కలిగించును. నీటితో తడిపి తొలిచెడి పద్ధతి వచ్చినపిమ్మట ఇది తగ్గినది గాని పోలేదు. ఈ వ్యాధిని గూర్చి భారతదేశమున జరిగిన తొలి పెద్ద పరిశోధనలకు కోలారు గనులే రంగము. కాప్లన్, బర్డెన్ అను వైద్యులు 1940 మొదలు 1946 వఱకు జరిగిన పరీక్షల ఫలితములను 1947లో ప్రకటించిరి. ఏడు వేలకు పైగా కార్మికులను పరీక్షింపగా నూటికి నలువదిమందికి పైగా వ్యాధిచిహ్నములు కనబడెను. ఇది గనిలో పీల్చిన గాలివలని వ్యాధి. బట్ట మార్చినంతమాత్రమున తప్పునది కాదు. కాని పనిబట్ట ఇంటికి ఏమి తేగలదో లోకము కొంత యాలస్యముగా తెలిసికొన్నది. 1965లో లండనులో న్యూహౌస్, తాంసన్ అను పరిశోధకులు ఆస్బెస్టాస్ వలన వచ్చు యొక క్యాన్సరును గూర్చి వ్రాయుచు, ఫ్యాక్టరీలో నెన్నడు అడుగిడని స్త్రీలకు సయితము, భర్తల పనిబట్టలు ఉదికినందున, ఆ వ్యాధి వచ్చినదని చూపిరి. కోలారు దుమ్ము వేఱు, ఆ దుమ్ము వేఱు. అయినను బట్టలుదుకు స్త్రీ పక్షమున వైద్యశాస్త్రము మాటలాడుట అప్పటికి క్రొత్త.

ఆ మాటను స్త్రీలు అంతకుముందే పలికియుండిరి. 1919లో బ్రిటనులో బొగ్గుగనులను గూర్చి సాంకీ కమిషను విచారణ జరుపగా, వేల్సు దేశపు ఎలిజబెత్ ఆండ్రూస్ సాక్ష్యమిచ్చెను. గనుల యొద్దనే స్నానపుగదులు కట్టవలెననియు, భర్తలు, కొడుకులు వేర్వేఱు వేళల మురికిబట్టలతో ఇంటికి వచ్చుటవలన స్త్రీలు నీళ్లు మోయుట, కాచుట, ఉదుకుటలతో నశించుచున్నారనియు ఆమె విన్నవించెను. మరుసటి సంవత్సరమే శాసనమువలన ఏర్పడిన గనికార్మికుల సంక్షేమనిధి యట్టి స్నానశాలలను వందలుగా కట్టించెను. మన దేశమున 1946లో బొగ్గుగనుల స్నానశాలల నిబంధనలు వచ్చినవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 43వ విభాగము, పనివేళ ధరింపని బట్టలను భద్రపఱచుటకును, తడిబట్టలను ఆరవేయుటకును స్థలము ఏర్పఱచునట్లు నిబంధనలు చేయు నధికారమును రాష్ట్రప్రభుత్వములకిచ్చినది. ఇంటి వలువ, వీధి వలువ యను భేదమును భారతశాసనము గుర్తించుట ఇచట చూడవచ్చును. మడి పేరు లేదు, కులము పేరు లేదు. బట్టకొక కొయ్య, బట్ట యారుటకొక చోటు.

గనికూలీలలో నధికసంఖ్యాకులు ఊళ్లలో అంటరానివారని త్రోయబడిన కులములవారు. ఊరిలో పెత్తందారు ఎదుట కండువా దించినవాడు గనులలో జీతపునాడు ఉదికిన చొక్కా తొడిగి, చెప్పులతో సంతకు పోయెను. ఈ మార్పు చిన్నది కాదు. 1927 డిసెంబరులో మహాడు సభయందు అంబేడ్కరు స్త్రీలనుద్దేశించి, కులమును చాటెడి తీరున చీర కట్టుటయు, అట్టి నగలు పెట్టుటయు మానుడని, చిరిగినదైనను శుభ్రమైన బట్ట కట్టుడని చెప్పెను. ఆయన 1954లో కోలారు గనులకు వచ్చినపుడు విన్న జనము ఆ మాటను అప్పటికే తమ వీధులలో ఆచరించుచుండిరి. వీరి విషయమున వీధి వలువ డంబము కాదు, హక్కు. పెట్టెలో మడిచి దాచిన యొక తెల్ల చొక్కా, యొక రంగు చీర ఆ కుటుంబములకు ఆస్తిపత్రముల వంటివి.

ఇంటి వలువ వీధిలోనికి వచ్చినచో ఏమగునో తెలుపు నుదాహరణము ఆంధ్రదేశముననే యిటీవల జరిగినది. పశ్చిమగోదావరి జిల్లా నిడమర్రు మండలపు తోకలపల్లిలో 2018లో గ్రామపెద్దలు, స్త్రీలు ఉదయము ఏడు మొదలు రాత్రి ఏడు వఱకు నైటీలు ధరింపరాదని కట్టడి చేసిరి. మీఱినవారికి రెండు వేల రూపాయల జుర్మానా, పట్టిచ్చినవారికి వేయి రూపాయల బహుమానము! అధికారులు వచ్చి విచారింపవలసివచ్చెను. నైటీ కట్టుటకు సులువు, ఉదుకుటకు సులువు, వంటయింటి యుక్కకు తగినది. పైన తువాలొకటి వేసికొని కొళాయికో అంగడికో పోవుట మన పేటలన్నిటను కలదు. చల్లడముతో వీధి యరుగుపై కూర్చుండు పురుషునికి లేని జుర్మానా స్త్రీకి విధించుట యే శాస్త్రమో ఆ పెద్దలు చెప్పలేదు.

కోలారు గనులు 1956లో మైసూరు ప్రభుత్వపు చేతికిని, 1962లో కేంద్రప్రభుత్వమునకును వచ్చి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థయై, 2001 ఫిబ్రవరి కడపట మూతబడెను. నాటితో గనిబట్టయు పోయినది. నేడు మారికుప్పము, బంగారుపేటల నుండి తెల్లవాఱకమునుపే బెంగళూరునకు పోవు రైళ్లలో గనికూలీల బిడ్డలు, మనుమలు ఇస్త్రీ చొక్కాలతో, కొందఱు సంస్థ పేరు కుట్టిన యూనిఫారములతో నిలుచుండి పోవుదురు. రాత్రి యింటికి వచ్చి లుంగీయో నైటీయో కట్టుకొందురు. 2020లో కరోనా వ్యాపించినపుడు దేశమంతటను జనులు వాకిటనే బట్టలు విడిచి, స్నానము చేసి లోనికి వచ్చిరి. తాతల చాదస్తమని నవ్వినవారే బకెట్టులో సబ్బునీళ్లు కలిపి గడప యొద్ద పెట్టుకొనిరి. జబ్బు తగ్గగానే బకెట్టును తీసివేసిరి.

గనులు పోయినను వాని దిబ్బలు పోలేదు. రాతిని పొడిచేసి, సైనైడుతో బంగారము తీసినపిమ్మట మిగిలిన బూడిదవన్నె పొడి కొండలవలె పెరిగి, ఊరి నడుమ నిలిచియున్నది. గాలి వీచు దినములలో ఆ పొడి లేచి కప్పులపై, కిటికీలపై, దండెములపై పడును. అట్టి దినములలో ఆ చుట్టుపట్ల స్త్రీలు ఉదికిన బట్టలను వెలుపల ఆరవేయక ఇంటిలోనే త్రాళ్లు కట్టి యారవేయుదురు.